ఒక్క అట్ట

నవంబరు. ఎనిమిదైనా తెల్లవారని తాలిన్.
కోప్లి ట్రాము దిగి, మంచులో జారకుండా
పాదాలతో నేలని బతిమాలుకుంటూ వచ్చాను.
సంచిలో పద్దెనిమిది మార్కుల పట్టీలు.
నా థీసిస్ రెండో అధ్యాయం దగ్గర
ఆర్నెల్లుగా చతికిలబడి ఉంది.
నేను మాత్రం పాఠం చెప్పబోతున్నాను.

నన్నేమని పిలవాలో వాళ్ళకి తెలీదు.
లీలో ఏదో గౌరవవాచకం మొదలుపెట్టి
మధ్యలో దగ్గుగా మార్చేసుకుంది.
టానెల్‌కీ నాకూ మూడేళ్ళే తేడా.
పోయిన వేసవిలో ఒకే బార్లో గ్లాసులు కడిగాం,
ఇప్పుడా సంగతి ఇద్దరం మర్చిపోయినట్టు నటిస్తున్నాం.

నేనిచ్చిన పని ఇదీ:
ఒక్క అట్ట. జిగురొద్దు, మేకొద్దు, టేపొద్దు.
కోసి, మడిచి, ఒకదాన్లో ఒకటి దూర్చి
మనిషి బరువు మోసే పీట చెయ్యాలి.
ఈ రెండు వాక్యాలకి నాకో రాత్రి పట్టింది.
రాశాక, ఇంక నన్నెవరూ ఏమీ అడగలేరనిపించింది.

మూడు వారాలకి పరీక్ష.
పరీక్షంటే, నేను కూర్చోవడం.
ఒక్కోదాని మీదా, శీతాకాలపు బూట్లతో సహా,
పది లెక్కపెట్టేదాకా.

క్సేనియా పీట తేనెపట్టులా ఉంది, ముద్దొచ్చింది.
ఆరు దగ్గర నిట్టూర్చి పక్కకి ఒరిగింది.
టానెల్‌ది రెండు దగ్గరే.
కింద నేను, పైన నవ్వులు.
టీచరు పడితే ముందుగా టీచరే నవ్వాలని
ఎవరూ చెప్పలేదు, నడుం చెప్పింది.
లీలోది మోసింది. చూడ్డానికి చెప్పుల డబ్బా.
"ఎందుకిలా?" అన్నాను.
మా ప్రొఫెసరు నన్నడిగినప్పుడు
ఆ మాటకి కత్తెర చప్పుడుండేది.
లీలో మొహం చూస్తే
నా నోట్లోంచీ అలాగే వచ్చినట్టుంది.

చివర ఉర్మాస్.
నలభై ఆరేళ్ళు. ఓడల మరమ్మతు యార్డులో
ఇరవై రెండేళ్ళు వెల్డరు.
తెచ్చింది పీట కాదు.
నడుమెత్తు ఉంది, పైన ఏటవాలు పలక.
కూర్చోబోతే జారాను.

"కూర్చోడానికి కాదండి, ఆనుకోడానికి.
షిఫ్టులో కూర్చుంటే ఫోర్‌మన్ చూస్తాడు.
ఆనుకుంటే చూడడు.
మనిషి నిలబడ్డట్టే ఉంటాడు.
తేడా కాళ్ళకే తెలుస్తుంది."

పట్టీ చూశాను.
కూర్చునే ఎత్తు: ఇరవై మార్కులు.
ఆ గడి నేను గీసిందే, స్కేలు పెట్టి.
"ప్రశ్నలో పీట అని ఉంది," అన్నాను.
"ఉంది," అన్నాడు.
కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు.
సి వేశాను.
నాలుగింటికల్లా కంప్యూటర్లోకీ ఎక్కించేశాను.

అందరూ వెళ్ళాక
కూలిన అట్టలు గోడకి చేరుస్తుంటే
పొద్దుట్నించీ నిలబడే ఉన్నానని
మోకాళ్ళు గుర్తుచేశాయి.
కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి,
నేల తుడిచే ఆమె కోసం.
ఇదొక్కటే కిటికీ పక్కన.

ఆనుకున్నాను.

అలిసిన వెల్డరు ఎక్కడ వంగుతాడో
సరిగ్గా అక్కడే నా నడుమూ వంగింది.
అట్ట ఓసారి మూలిగి సర్దుకుంది.
పది. ఇరవై. తర్వాత లెక్క మానేశాను.
దూరంగా రేవులో క్రేను దీపం
ఎవరి కోసమో వెలిగే ఉంది.

వాలెంతీనా బకెట్టుతో వచ్చింది.
"ఏంటది?" అంది.
చెప్పబోయి, పక్కకి జరిగాను.
తుడుపుకర్ర వదలకుండానే ఆనుకుంది,
కళ్ళు మూసుకుంది.
చాలాసేపటికి,
"ఇది రేపు కూడా ఇక్కడే ఉంటుందా?"

మార్కు మార్చాలంటే అర్జీ పెట్టాలి.
కారణం అన్నచోట ఒక్క లైనే ఖాళీ.
ప్రశ్న తప్పు, అని రాశాను.
కొట్టేశాను.
ఇంకో కాగితం తీసుకుని
మళ్ళీ అదే.